అసలు లేని నకలు

మా చర్చిలో ఒక ఆదివారం ప్రకటనల వేళ నేనొక క్షమాపణ ఉత్తరం చదివాను. ఒక పెద్దాయన సంఘానికి రాసుకున్న ఉత్తరమని చెప్పి చదివాను. అది ఆయన రాయలేదు. నేను రాశాను. ఈ రెండు చిన్న వాక్యాలు నా నోట్లోంచి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అందులో పదకొండేళ్లు ఆయన బతికే ఉన్నాడు. ప్రతి ఆదివారం నాకు నాలుగు వరసల ముందు కూర్చునేవాడు.

ఇప్పుడు రాయడానికి కారణం ఒక ఫోను. మా సంఘం వజ్రోత్సవ సంచిక తెస్తోంది. ఆ పని చూస్తున్న అమ్మాయికి పాత ఫైళ్లలో ఆ కాగితం దొరికింది.

"అంకుల్, మీరు సెక్రటరీగ ఉన్నప్పటిదే. చదివితే ఏడుపొచ్చింది నాకు. తాత ఫోటో పెట్టి ఫుల్ పేజీ వేద్దామనుకుంటున్నం. దీని ఒరిజినల్ మీ దగ్గరుందా? ఆయన చేతిరాత స్కాన్ చేస్తే మస్తుంటది."

"ఒరిజినల్ లేదమ్మా."

"పోయిందా?" అని అడిగి, నేను జవాబు వెతుక్కునే లోపే, "పర్లేదంకుల్, కాపీయే వేస్తం," అని పెట్టేసింది.

ఆ పేజీ అచ్చయితే ఇక అదే ఆయన. ఆయన్ని చూడని పిల్లలకు ఆయన గురించి మిగిలే ఒకే ఒక్క సాక్ష్యం నేను పుట్టించినదవుతుంది. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను. ఒక కాగితం దొరికితే ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, రాసినవాడికి అందులో ఏం లాభం అని మూడు ప్రశ్నలు వేయమని ఇరవై ఏడేళ్లుగా పిల్లలకు చెప్తున్నాను. మా ఫైల్లో ఉన్న కాగితాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయన స్టేషన్ రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి తలకిందులుగా పేర్చే పని. నేను ఆయనకు దగ్గరయ్యేనాటికే సీసం కాలం అయిపోయి, అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుండేవాడు. వేళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆయన ఖాళీగా కూర్చుంటే చాలు, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గాలిలోంచి ఏదో ఏరి ఎడమ అరచేతిలో పెడుతూ ఉండేవి. ప్రసంగం సాగిన రోజు అవి మరీ వేగంగా కదిలేవి. అప్పట్లో నేను ఆయన పక్కనే కూర్చునేవాణ్ని.

"అయ్యగారి ప్రసంగం కంపోజ్ చేస్తాన బిడ్డా. ఇయ్యాల పదహారు పేజీలు దాటింది," అనేవాడు నా చెవిలో.

మా నాన్నకు స్నేహితుడు కాబట్టి నాకు ఆయన కాక. నేను ఆయనకు బిడ్డను. సంఘం నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నాక ఎగతాళి చేయాలనిపిస్తే సెక్రటరీ సాబ్‌ని.

మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టడంలో ఆయన కొంచెం వెనకే. రాత చూస్తే మాత్రం పట్టేసేవాడు. చేతిరాత చూసి కాదు, వాక్యం నడక చూసి, అచ్చయిన తర్వాత కూడా. ఒకసారి ఎవరో మున్సిపల్ ఆఫీసు మీద పేరు లేకుండా కరపత్రం పంచారు. చౌరస్తాలో చాయ్ తాగుతూ దాన్ని ఆయన చేతిలో పెట్టాను. సగం చదివి మడిచాడు.

"ఆ ముసలి వకీల్ సాబ్ రాసిండు."

"ఎట్ల తెలుసు కాకా?"

"'కావున' లేకుంట ఆయనకు వాక్యం లేవది. లెక్కపెట్టు, ఏడు కావునలు. కానీ ఆఖరి పేరా ఆయనది కాదు. గీ తిట్లు ఆయన జూనియర్‌వి. ముసలాయన రాసిచ్చి పండుకున్నంక ఇరికిచ్చిండు."

మా సంఘం మాసపత్రిక ఆ ప్రెస్సులోనే అచ్చయ్యేది. ఒక నెల ప్రూఫు చదివి, పాస్టరు గారి ముందే అనేశాడు: "ఈ నెల సందేశం అమ్మగారు రాసిన్రు."

పాస్టరు గారు ఉలిక్కిపడ్డారు. "నాకు జరమొచ్చిండె అంకుల్. మీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలేదయ్యా. మీ సందేశంల ఇంటి ముచ్చట ఎన్నడు రాదు. ఇండ్ల పిల్లల టిఫిన్ బాక్స్ ఉన్నది." ప్రూఫు మడిచి, "మంచిగ రాసిన్రు. అప్పుడప్పుడు మీకు జరం రావాలె," అన్నాడు.

ఇలాంటి మనిషి బైబిలు చదివితే ఊరుకుంటాడా? ఎప్పుడో, ఇంకా సీసం అక్షరాల రోజుల్లో, ఒక వేదాంత పండితుడు పాస్టర్ల కోసం రాసిన చిన్న పుస్తకం ఆ ప్రెస్సుకు వచ్చిందట. కొత్త నిబంధనలో ఏ పుస్తకం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందులో ఎంత చరిత్ర ఉంది అని. అందరిలా ఆయన దాన్ని చదవలేదు, అక్షరం అక్షరం పేర్చాడు. పౌలు పేరున ఉన్న ఉత్తరాల్లో కొన్ని పౌలువి కావని చాలామంది పండితులు అంటారని, పేతురు పేరున ఉన్న రెండో ఉత్తరం పేతురు పోయిన చాలా కాలానికి పుట్టిందంటారని, నాలుగు సువార్తల మీదా ఉన్న పేర్లు తర్వాతి తరాల వాళ్లు పెట్టినవంటారని అలా తెలుసుకున్నాడు. ఇవి వింటే కొంతమందికి విశ్వాసం సడలుతుంది. ఆయనకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"నాకు మొదటికెళ్లి అనుమానమే బిడ్డా. హెబ్రీ పత్రిక చదివినప్పుడల్లా చేయి వేరే అనిపించేది. పౌలు గారు ఉర్కుకుంట రాస్తడు. నడుమల వాక్యం మర్చిపోతడు, కోపానికొస్తడు, మల్ల బుజ్జగిస్తడు. గీ హెబ్రీయులాయన తాపీగ కూసోని, మూడుసార్లు సాపు చేసి రాసిండు."

"తెలుగులకు మారినంక గూడ తెలుస్తదా?"

"ఇంకొకల అంగి ఏసుకుంటె మనిషి నడక మారుతదా?"

ఆదివారం ఆరాధనలో బైబిలు పాఠం చదవడం ఆయన పని. ఎవరూ ఇచ్చిన పదవి కాదు, ఏళ్ల తరబడి అలా జరిగిపోతోంది. మైకు దగ్గరికి వెళ్లే ముందు ఒక్క క్షణం కళ్లద్దాలు తుడుచుకునేవాడు. పాఠం చదవడానికి నిలబడితే ఆ బక్క మనిషి ఎత్తు పెరిగినట్టుండేది. నటన లేదు, రాగం లేదు. ఉత్తరం వచ్చిన ఇంట్లో ఉత్తరం చదివినట్టు చదివేవాడు. మా సంఘంలో పాఠం చదివేవాళ్లంతా "పౌలు గారు హెబ్రీయులకు వ్రాసిన పత్రిక" అని మొదలుపెట్టడం అలవాటు. పుస్తకంలో పౌలు పేరు ఉండదు, నోటికి మాత్రం వచ్చేస్తుంది. ఈయన ఒక్కడే "హెబ్రీయులకు వ్రాసిన పత్రిక" అని, ఒక ఊపిరి ఆగి, "రాసినవారి పేరు ఇందులో లేదు" అని చదివేవాడు. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన ఒక సంఘ పెద్దకు ఆ మాట పడేది కాదు. "పేరు లేని ఉత్తరం తీసుకునుడెందుకు, వాపస్ పంపియ్యరాదు," అని బయట గొణిగేవాడు.

ఒక ఏడాది సంఘమంతా బస్సు మాట్లాడుకుని పాలంపేట వెళ్లాం, రామప్ప చూడటానికి. పిల్లలు నీళ్ల వైపు పరిగెత్తారు. ఆయన శాసనం దగ్గర నిలబడి నన్ను పిలిచాడు.

"హిస్టరీ సారు, ఇండ్ల శిల్పి పేరున్నదా?"

"కట్టించిన సేనాధిపతి పేరుంది కాకా. రామప్ప అన్నది జనం చెప్పుకునే పేరు."

"అంటే ఎవలు చెక్కిన్రో గట్టిగ తెల్వదు."

"తెల్వదు."

"మరి రామప్ప అనేటోడు లేకపోతె ఈ గుడి లేనట్టా?" అని నవ్వి, నల్లరాతి స్తంభం మీద వేలితో తట్టాడు. "మనోళ్లకు గీ ముచ్చట చెప్పు. పేరు పోతె అంతా పోయినట్టు భయపడ్తరు."

తిరుగు బస్సులో నేనే అడిగాను. పౌలు పేరు పెట్టి ఇంకెవరో రాస్తే అది మోసం కాదా అని. చాలాసేపు కిటికీలోంచి వరిపొలాలు చూశాడు. తర్వాత చెప్పిన సంగతి నాకు మాట మాటా గుర్తుంది.

"మాది ధర్మసాగర్ పక్క ఊరు. మా నాయినకు అక్షరం ముక్క రాదు. మా అన్న దూరంల బొగ్గుబాయి పనికి పోయిండు. నాయిన చెప్తె నేను రాసేది. ఆయన 'ఎట్లున్నడో అడుగు' అంటడు, నేను దాన్ని నాలుగు వాక్యాలు చేస్త. రాత నాది, మాట ఆయనది. కింద వేలిముద్ర ఏస్తడు. అది మోసమా?"

"కాదు."

"నాయిన సచ్చిపోయిండు. అన్నకు పానం బాగలేదని తెలిసింది. తట్టుకోడని, నాయిన చెప్పినట్టే రెండు ఉత్తరాలు రాసిన. ప్రేమతోనే రాసిన బిడ్డా. మా నాయిన బతికుంటె అవే మాటలు చెప్తుండె. అయినా అవి నాకు ఇప్పటికి గుచ్చుకుంటయ్."

"అన్నకు తెలిసిందా?"

"ఇంటికొచ్చిన దినమే నేనే చెప్పిన. చెంపల మీద కొట్టిండు. కొట్టి, పట్టుకొని ఏడ్చిండు."

ఇంత విన్నవాణ్ని నేను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఆ మరుసటి ఏడు ఈస్టర్‌కు నెల ముందు ఆయన నాకొక పని చెప్పాడు. మార్కు సువార్త ఆఖరి పన్నెండు వచనాలు అతి పాత ప్రతుల్లో లేవని ఆ చిన్న పుస్తకంలో పేర్చాడట. "నాది ముప్ఫయ్యేండ్ల కిందటి ముచ్చట. మతికుండి చెప్తాన్నో, కల్పించుకున్నానో. జర మీ కాలేజీ పుస్తకాలల్ల చూసి చెప్పు బిడ్డా," అన్నాడు. రెండు లైబ్రరీలు తిరిగాను. నిజమే. ఉన్నవాటిలో అతి పాతవైన రెండు పూర్తి ప్రతులు ఎనిమిదో వచనం దగ్గరే ఆగిపోతాయి. సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు భయపడి పారిపోయి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న చోట. అదే చెప్పాను.

"ఆడనే ఆపిండా!" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "భయపడ్డరని ఒప్పుకున్నడు చూడు. కథ అల్లేటోడు గట్ల ఆపడు. తర్వాత ఎవలకో మనసొప్పక ముగింపు రాసిన్రు. అసలు ప్రతి ఎవ్వల దగ్గర లేదు బిడ్డా, అన్నీ నకళ్లే. నకలు రాసినోని చేయి ఆగదు."

ఈస్టర్ రోజు తెల్లవారుజామున మా సంఘం సమాధుల తోటలో ఆరాధన చేస్తుంది. తెల్లబట్టలు, కొవ్వొత్తులు, ముందురోజే కడిగి సున్నం వేసిన సమాధులు. ఆయన పాఠం చదివాడు. ఎనిమిదో వచనం అయ్యింది. "పాత ప్రతుల్లో ఇక్కడివరకే ఉంది," అని చెప్పి పుస్తకం మూశాడు.

ఎవరూ కదల్లేదు. మా నాన్న సమాధి పక్కనే నిలబడి ఉన్నాను, నిజంగా అప్పుడే ఏదో జరిగిందన్నంత భయం వేసింది. అంత బాగా ఆ పాఠం నేనెన్నడూ వినలేదు. అప్పుడు వెనక నుంచి గార్డు గారి గొంతు లేచింది.

"ఇంక పన్నెండు వచనాలున్నయ్!"

"ఉన్నయన్నా," అన్నాడు ఈయన. "ఇంటికాడ చదువుకోండ్రి. ఆ చేయి వేరే."

మర్నాడే కమిటీ కూర్చుంది.

"ఇయ్యాల పన్నెండు వచనాలు మింగిండు, రేపు ప్రభువు లేవనేలేదంటడు," అన్నాడు గార్డు.

"లేచిండన్నా. ఆ మాట ఆరో వచనంలనే ఉన్నది. నేను చదివిన."

"నీకు ఎవలు చెప్పిన్రు ఇవన్ని?"

నేను పుస్తకంలో మినిట్స్ రాస్తున్నాను. పెన్ను ఆగిపోయింది. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. "ప్రెస్సుల చదివిన," అన్నాడు. నేను తల ఎత్తకుండా, "ప్రెస్సులో చదివానని తెలిపిరి" అని రాశాను.

రాతపూర్వకంగా క్షమాపణ ఇచ్చేదాకా పాఠం చదవకూడదని తీర్మానం అయ్యింది. ఆ రోజు పాస్టరు గారిని నా స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపాను. దిగాక మెల్లగా అన్నారు, "అన్నా, ముసలాయన చెప్పింది తప్పు కాదు. ఇవన్నీ మాకు సెమినరీల చెప్పిన్రు. పరీక్ష రాసి ఆడనే వదిలేసి వచ్చినం. ఇంటింటికి తిరిగి ప్రార్థన చేసుకునెటోన్ని, నాకు ఈ లొల్లి ఎందుకు?" నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన నాకన్నా నయమని అప్పుడు తట్టలేదు. కనీసం స్కూటర్ దగ్గరైనా చెప్పారు.

మూడు ఆదివారాలు గడిచాయి. ఆయన ఉత్తరం ఇవ్వలేదు. అడిగితే, "ఏమని రాయాలె బిడ్డా? ఉన్నది ఉన్నట్టు చదివినందుకు మాఫ్ చేయున్రి అని రాయాల్నా?" అన్నాడు. నాలుగో వారం మళ్లీ కమిటీ. ఈసారి చరిత్ర చదువుకున్నవాడిగా నా అభిప్రాయం అడుగుతారని పాస్టరు గారు ముందే చెప్పారు. అడిగితే నిజం చెప్పాలి. లేదా గార్డు ముందు, కమిటీలోనే ఉన్న మా మామగారి ముందు, మా ఆవిడ వైపు వాళ్లందరి ముందు అబద్ధం చెప్పాలి. ఆ రెండూ తప్పించుకోవడానికి ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని నేనే ఉత్తరం రాశాను.

ఆయన మీద ప్రేమతో రాశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన మళ్లీ మైకు దగ్గరికి రావాలని నాకు నిజంగానే ఉండింది. కానీ ఆ మధ్యాహ్నం నా చేతిని నడిపించింది అది కాదు. భయం.

ఆయన వాక్యం నాకు బాగా తెలుసు. పొట్టి వాక్యాలు, విశేషణాలు లేకుండా. అలాగే రాశాను. తెలిసీ తెలియని చదువుతో సంఘాన్ని నొప్పించానని, తప్పు ఒప్పుకుంటున్నానని. డీటీపీ సెంటర్లో కొట్టించి, పైన "నకలు" అని, కింద ఆయన పేరుకు ముందు "సం/-" అని పెట్టాను. ఆఫీసు కాగితాల మీద అలా పెడితే, అసలు కాగితం మీద సంతకం ఉంది, ఇది దాని కాపీ అని అర్థం. అసలు ఎక్కడుందని మన దగ్గర ఎవరూ అడగరు. మర్నాడు ఆరాధనకు ముందు చూపిస్తే కమిటీ కూడా అడగలేదు.

ఆ శనివారం సాయంత్రమే ఆయనకు చెబుదామని రంగసాయిపేటలో వాళ్లింటి దాకా వెళ్లాను. వాకిట్లో చిన్నమ్మ, అంటే ఆయన భార్య, బియ్యం చెరుగుతోంది. ఆయన పక్కన మోడా మీద కూర్చుని ఏదో అంటే ఆమె చాట విసిరేసేటట్టు బెదిరించి నవ్వుతోంది. సందు మొగలోంచే తిరిగి వచ్చేశాను.

మర్నాడు చదివాను. వెనక బెంచీల్లో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరు గారు "దేవునికి స్తోత్రం" అని, వచ్చే వారం నుంచి పాఠం మళ్లీ ఆయనే చదువుతారని ప్రకటించారు. ఆయన వీపు మాత్రమే నాకు కనబడుతోంది. వేళ్లు కదలడం లేదు.

ఆరాధన అయ్యాక సైకిళ్ల దగ్గర దొరికాడు.

"ఎవలు రాసిన్రు బిడ్డా అది?"

అప్పుడే చెప్పాల్సింది. ఆయన తన అన్నకు చెప్పినట్టు, ఆ రోజే.

"కమిటీ రాసింది కాకా," అన్నాను.

"కమిటీ రాయది బిడ్డా. ఎన్నడన్న ఎవలో ఒక్కలే రాస్తరు. తర్వాత కమిటీ తలకాయ ఊపుతది." సైకిలు స్టాండు తీశాడు. కోపం లేదు. "పౌలు గారికి గూడ గీ తిప్పలు తప్పలె. నా పేరు మీద వచ్చే ఉత్తరాలు చూసి ఆగమాగం కాకుండ్రి అని రాసుకోవాల్సొచ్చింది. నవ్వొచ్చేదేందంటె, ఆ మాట ఉన్న ఉత్తరమే ఆయన రాసిందా కాదా అని మల్ల పంచాయితి."

నిజంగానే నవ్వాడు. నేను కూడా నవ్వాను. దేవుడు నన్ను ఆ నవ్వుకు లెక్క అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆయన సైకిలు నడిపించుకుంటూ గేటు దగ్గర నిలబడ్డ చిన్నమ్మ వైపు వెళ్లిపోయాడు. ఆమె ఆయనతో మాట్లాడకుండా ముందు నడిచింది. అది నేను చూశాను. ఎందుకో అనుకోలేదు.

తర్వాతి ఆదివారం పాస్టరు గారు పాఠానికి పిలిస్తే ఆయన లేవలేదు. గొంతు బాగాలేదన్నట్టు చేయి ఊపాడు. ఆ పై వారం కూడా అంతే. వెళ్లి చదివితే ఆ ఉత్తరం తనదని ఒప్పుకున్నట్టు. కాదని చెబితే నేను దొరికిపోతాను. రెండూ చేయకుండా పదకొండేళ్లు గొంతు నొప్పి పెట్టుకున్నాడు. పాటలప్పుడు మాత్రం గట్టిగా పాడేవాడు, దాచుకోవడం కూడా సరిగ్గా రాదు. సంఘం దాన్ని వినయం అనుకుంది. నేను ఆయన పక్క చోటు వదిలి నాలుగు వరసలు వెనక్కి జరిగాను.

కిందటి ఏడాది దవాఖానలో పోయాడు. సమాధి దగ్గర, ఇప్పుడున్న కొత్త పాస్టరు గారు, తప్పు చేస్తే ఒప్పుకోవడం ఎలాగో ఈ పెద్దాయనను చూసి నేర్చుకోవాలన్నారు. అందరితోపాటు నేనూ పిడికెడు మట్టి వేసి వచ్చాను.

సంచిక అమ్మాయి ఫోను పెట్టేసిన రోజే, ఇంకొక్క రోజు ఆగితే మళ్లీ ఆగిపోతానని తెలిసి, రంగసాయిపేట వెళ్లాను. చిన్నమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నిలబడే చెప్పాను. ఆయనకు తెలిసే ఉంటుంది కాబట్టి ఆమెకూ చెప్పే ఉంటాడని, తిట్టి వదిలేస్తుందని అనుకున్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏ ఉత్తరం? మా ముసలోడు రాసింది గాదా?"

"కాదు చిన్నమ్మా."

"నువ్వు రాసినవా?"

"నేనే."

"పదకొండేండ్లు దెప్పిన," అంది. "కూరల ఉప్పెక్కువైందంటె, 'నన్ను గూడ మాఫీ ఉత్తరం రాయమంటవా' అని దెప్పిన. నవ్వెటోడు. ఒక్కనాడు నేను రాయలేదే అనలె. గుడంత ఒక్క దిక్కున్నా మా ముసలోడు ఇంకో దిక్కు నిలవడ్డడని మస్తు గర్వముండె నాకు. నాతోని ఒక్క మాట అనకుంట పోయి కాళ్ల మీద పడ్డడని ఆ దినం నుంచి ఆయన మీద మనసు ఇరిగింది. దవాఖానల గూడ అన్న. ఆఖరికి గూడ అన్న నేను."

నేనేదో అనబోయాను.

"నాకు చెప్తె నీ ఇంటి మీదికి లొల్లికొస్తునని చెప్పలేదు కావచ్చు," అంది. "వస్తును గూడ. నిన్ను కాపాడిండు, నన్ను ఆగం చేసిండు." కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. "నాకెందుకు చెప్తానవ్ ఇప్పుడు? నాకు చెప్పి తేలికై పోదామనుకున్నవా? గా మైకుల చదివినవ్ గద. గా మైకులనే చెప్పు. పో."

కొత్త పాస్టరు గారు వద్దన్నారు. "పెద్దాయనకు మంచి పేరే ఉన్నది గదా అన్నా, ఇప్పుడెందుకు కదిలిచ్చుడు?" గార్డు గారి కొడుకు ఇప్పుడు కమిటీలో ఉన్నాడు, ఆయనా వద్దన్నాడు. సంచిక అమ్మాయి మాత్రం, "ఆ పేజీ తీసేస్తున్న అంకుల్," అంది.

పోయిన ఆదివారం ప్రకటనల వేళ లేచి ముందుకు వెళ్లాను. కాగితం తీసుకెళ్లలేదు.

"పన్నెండేండ్ల కింద నేనిక్కడ ఒక ఉత్తరం చదివిన," అన్నాను. "అది ఆయన రాయలేదు. నేను చదివేదాక ఆయనకు తెల్వదు. నేను రాసి ఆయన పేరు పెట్టిన. ఈస్టర్ నాడు ఆయన చదివింది నిజమని ఆయనకు చెప్పింది గూడ నేనే. కమిటీల అడిగితె నా పేరు చెప్పలేదాయన. నేను ఆయన వైపు ఒక్క మాట మాట్లాడలే. ఆయన ఎవ్వరిని క్షమాపణ అడగలేదు. అడగాల్సిన తప్పు చేయలేదు."

మగవాళ్ల వైపు ఎవరో లేచి బయటికి నడిచారు. ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో ఆమె కూర్చుని ఉంది. నా మీంచి చూపు తిప్పలేదు.

"చిన్నమ్మా," అన్నాను. "మీ మనిషి తల వంచలేదు. వంచిండని మీతోని నమ్మిచ్చింది నేను. మీ ఇంట్ల పదకొండేండ్లు నడిచిన కొట్లాట నేను పెట్టింది. ఆయన్ను అడుగుదామంటె లేడు. మిమ్మల్ని అడుగుతాన. నన్ను క్షమించున్రి."